ఖాళీ ఆకు కంటే ముందే మెయిల్

రెజీనా ఒక చేత్తో కీబోర్డు మీద పడ్డ కొబ్బరి తురుము దులుపుతూ, రెండో చేత్తో సెట్టింగుల ఫైలు తెరిచింది. కేరళలోని ఒట్టపాలంలో, అందరూ చేట్టన్, అంటే అన్న, అని పిలిచే గంగాధరన్ వంటశాలలో ఓణం ముందురోజు ఖాళీ బల్ల దొరకదు.

పోయిన ఓణానికి వెబ్‌సైట్‌లో పండుగ విందు సద్యకు ఆర్డరు పెట్టిన పదకొండు ఇళ్లవాళ్లు అరటాకులు పరుచుకుని కూర్చున్నారు. భోజనం వెళ్లలేదు. ఆర్డర్లు ఎక్కడ తప్పిపోయాయో ఎవరికీ అంతుపట్టలేదు. "ఈసారి ఒక్క ఆకు ఖాళీగా మిగిలినా నీ సైటు మూసేస్తా" అని చేట్టన్ ముందే చెప్పాడు. సైటు రెజీనా కట్టిందే. జిరాక్సు షాపులో పనిచేస్తూ, పాడైన కాగితాల వెనక రాసుకుంటూ సొంతంగా నేర్చుకుంది.

సైటులో ఏది జరిగినా, దాన్ని నడిపే ఫ్రేమ్‌వర్క్ లాగ్ అనే తన చిట్టాలో ఒక వరుస రాసుకుంటుంది. ఆ వరుసలు చేట్టన్‌కు మెయిల్‌గా వెళ్లేలా నాలుగు లైన్లు రాసి సేవ్ చేసింది.

చేట్టన్ ఫోను మోగింది. ఆగకుండా మోగుతూ, బల్ల మీద పాకుతూ వెళ్లి గుమ్మడి ముక్కల్లో పడింది.

"మూడు వందల మెయిళ్లు రెజీనా. ఊరంతా పస్తులుందా?"

"లేదు చేట్టా. ఎవరో మెనూ చూశారు. ఇంకెవరో పాయసం ఫొటో చూశారు. అన్నీ చెప్పేస్తోంది."

"మా అత్తగారిని పెట్టావు కదా ఇందులో."

రెజీనా నవ్వాపుకుంటూ, తప్పు జరిగితేనే మెయిల్ వెళ్లేలా లాగ్ స్థాయిని 'ఎర్రర్'కి మార్చింది. ఒకే తప్పు పదిసార్లు జరిగితే ఒక్క మెయిలే వెళ్లాలని ఇంకో లైను చేర్చింది. ఫోను ఊరుకుంది. పావుగంటైనా కిక్కురుమనలేదు.

"బతికుందా, చచ్చిందా?"

"మీరే ఒక ఆర్డరు పెట్టి చూడండి."

చేట్టన్ పసుపు వేలితో వివరాలు కొట్టాడు. ఇంటి నంబరు గడిలో అలవాటుగా 'పుళిక్కల్' అని కొట్టాడు. అక్కడ ఇళ్లకు నంబర్లకంటే పేర్లే వాడుక; అది ఆయన ఇంటికి తాతలు పెట్టిన పేరు. పోస్టుమాన్‌కీ అదే తెలుసు. తెర మీద 'ధన్యవాదాలు' వచ్చింది. ఫోను ఒక్కసారి మోగింది: ఆర్డరు నమోదు కాలేదు, నంబరు గడిలో అక్షరాలున్నాయి.

రెజీనా తల పట్టుకుంది. "పోయినేడు పదకొండూ ఇలాగే పోయుంటాయి చేట్టా. ఈ గడి పెట్టింది నేనే."

"మరి మీ ఇంటి నంబరెంత?"

రెజీనా ఒప్పుకుంది. "తెలీదు."

అవియల్ కూర కలుపుతున్నవాళ్లు గరిటె వదిలేసి నవ్వారు. చేట్టన్ కూలబడి నవ్వాడు. అందరికంటే చివర ఆపింది రెజీనానే.

గడిలో అక్షరాలు కూడా పట్టేలా మార్చింది. ఆర్డరు భద్రమయ్యాకే 'ధన్యవాదాలు' వచ్చేలా చూసింది. చేట్టన్ మళ్లీ పుళిక్కల్ అని కొట్టాడు. ఈసారి మెయిలు రాలేదు, వంట జాబితాలో పుళిక్కల్ వచ్చింది.

తను లేనప్పుడు చూసుకోడానికి, ఏ లైను మారిస్తే ఏమవుతుందో ఒక కాగితం మీద రాసి చేట్టన్ చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.