నా బస్సు వేళలు నాకంటే ముందే అహోబిలం చేరాయి

అహోబిలం నాకు కొత్త కాదు. కొండలెక్కే ఓపిక ఉన్న రోజుల్లో నాలుగైదు సార్లు వెళ్లాను. ఈసారి మాత్రం దేవుణ్ణి చూడటానికి కాదు, జనాన్ని వెతుక్కుంటూ వెళ్లాను.

గుంటూరులో ఇంట్లోనే కూర్చుని నేనొక చిన్న వెబ్‌సైటు నడుపుతుంటాను. ఏ క్షేత్రానికి ఏ బస్సు, ఎక్కడ దిగాలి, గది ఎక్కడ దొరుకుతుంది, భోజనం సంగతేమిటి, అన్నీ స్వయంగా వెళ్లి అడిగి రాసినవే. ఇన్నేళ్లూ సెర్చి ఇంజనే జనాన్ని తెచ్చి నా గుమ్మంలో దింపేది. ఈమధ్య దానికి తెలివి ఎక్కువైంది. అహోబిలానికి బస్సెప్పుడని ఎవరైనా అడిగితే, నేను రాసిందే నాలుగు ముక్కలు ఏరి పైనే చెప్పేస్తోంది. అడిగినవాళ్లు అక్కడితో తృప్తిపడి వెళ్లిపోతున్నారు. వండేది నేను, వడ్డించేది అది. ఒళ్లు మండదూ మరి! సైటు పేరుకు ఏటా కట్టే డబ్బు గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. పొడిగించాలా, వదిలేయాలా అన్నది ఈ ప్రయాణం అయ్యేలోగా తేల్చుకోవాలనుకున్నాను.

తెలిసినవాళ్లందరిదీ ఒకటే సలహా. ఒక్క దారినే నమ్ముకోకు, మెయిల్ పంపు, గ్రూపులు పెట్టు, వీడియోలు తియ్యి, నలుగురూ తిరిగే చోట నీ పేరు కనపడేట్టు చూడు అని. మొదటి మూడూ చేసి అలిసిపోయాను. నా మెయిల్ తెరిచి చదివేది మా తోడికోడలొక్కతే. ఇక నాలుగోది మిగిలింది. సైటు పేరూ, ఫోనుతో స్కాన్ చేసే చదరపు గుర్తూ వేసి కార్డులు అచ్చు వేయించాను.

"కార్డులు పంచడానికి నంద్యాల దాకానా?" అన్నారు మా ఆయన. నేను ఆటో పిలిచాను.

ఉదయం రైలెక్కితే నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు దాటి గిద్దలూరు వచ్చేసరికి ఎండ ముదిరింది. దిగువమెట్ట దగ్గర నల్లమల మొదలవుతుంది. అక్కడి నుంచి గాజులపల్లె దాకా కిటికీ పక్కన కూర్చోండి, సొరంగం వస్తుంది. నేను ఆ సొరంగంలో కునుకు తీశాను. ఎదుటి సీట్లో నంద్యాలలో బడిపంతులమ్మగా చేస్తున్న ఒకావిడ ఉంది. నా కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా చర్చి గ్రూపులో ఒక్క ముక్క పెడితే సాయంత్రానికి అందరికీ తెల్సిపోతుందక్కా. అయితే అహోబిలం గురించి మావోళ్లు అడగరు కదా" అని నవ్వింది. కార్డు మాత్రం బైబిలు సంచిలో భద్రంగా పెట్టుకుంది. ఆ రోజు నా కార్డుకు దొరికిన మర్యాద అదొక్కటే.

మధ్యాహ్నం నంద్యాలలో దిగి, బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. గది ఫరవాలేదు, ఫ్యానే బస్సులా మోగుతుంది. సాయంత్రం వీధులన్నీ తిరిగి కార్డులు ఇచ్చాను. పుచ్చుకున్న ప్రతివాడూ "దేనికిది?" అని అడిగాడు. చెప్పి చెప్పి గొంతు పోయింది.

మర్నాడు పొద్దున ఒక హోటల్లో మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జి తిన్నాను. నంద్యాల వెళ్లినవాళ్లు ఇది తినకుండా రావద్దు. ముందురోజు సాయంత్రమే ఆ హోటలాయనకు డజను కార్డులు ఇచ్చి వెళ్లాను. చూస్తే నాలుగు కార్డులు మడతపెట్టి ఊగే బల్ల కాలి కింద దోపి ఉన్నాయి.

"గట్టి అట్ట వేయించినావమ్మా, బల్ల ఊగడమే లేదు" అన్నాడాయన మెచ్చుకుంటూ. ఇంకో బజ్జి వేయమన్నాను.

తొమ్మిది దాటాక ఆళ్లగడ్డ బస్సు దొరికింది. దారిలో శిరివెళ్ల దగ్గర సగం బస్సు దిగి, అంతకు రెట్టింపు ఎక్కారు. కండక్టరుకూ ఒక కార్డు ఇచ్చాను.

"సైటు ఎవురు చూస్తారక్కా? బస్సు యాడికి పోతాదో నన్నడుగుతారు, నేను చెప్తా. అంతే" అని టికెట్టుతో పాటు కార్డు కూడా నా చేతిలోనే పెట్టాడు.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల కొట్లు. రాతిపొడి నోట్లోకి, కళ్లలోకి వస్తుంది, చేతిరుమాలు ఉంచుకోండి. ఒక కొట్టులో గరుత్మంతుడి రెక్క చెక్కుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే, "గోడకు అంటించుకో తల్లీ, దేవుండ్ల మీద మాత్రం అంటించొద్దు" అన్నాడు. గోడ నిండా రాతిపొడి. అంటించిన కార్డు నేను గుమ్మం దాటేలోపే ఊడి కిందపడింది.

అక్కడి నుంచి ఆటోస్టాండుకు వెళ్లాను. శివయ్య అనే ఆటో ఆయన నా మాటంతా విని, "మాకవన్నీ వద్దక్కా, మా కాడ ఉండాది" అని ఫోను చూపించాడు. అందులో ఒక బొమ్మ. అహోబిలం బస్సుల వేళలు. అడుగున, "మెట్ల దగ్గర కోతులున్నాయి, అరటిపళ్లు సంచిలో దాచినా వాటికి తెలిసిపోతుంది" అని ఉంది. ఆ వాక్యం నాదే! నా పేజీని ఎవరో ఫోనులో ఫోటో తీసి, పైన సైటు పేరు కత్తిరించి పంపారు. అది గ్రూపులు గ్రూపులు తిరిగి నాకంటే ముందే ఇక్కడికి చేరింది. నేను జనం లేరని ఏడుస్తుంటే, నా పేజీ ఊరేగుతోంది.

సంతోషించేలోపే ఇంకోటి కనబడింది. అందులో అహోబిలం నుంచి ఆఖరి బస్సు రాత్రి ఏడున్నరకని ఉంది. అది పాత మాట. ఆ బస్సు తీసేశారు, ఇప్పుడు ఆరుకే ఆఖరు. నేను సైటులో ఎప్పుడో దిద్దేశాను. బొమ్మను ఎవరు దిద్దుతారు?

"ఈ ఏడున్నర బస్సు లేదు కదా?" అన్నాను.

"లేదని మాకు తెల్సులే అక్కా. జనాలకు తెలీదు. నిలబడుకోనుంటారు, మేం పోయి తెచ్చుకుంటాం. మాకూ నాలుగు దుడ్లు" అన్నాడు దాపరికం లేకుండా.

"తప్పని తెలిసీ పంపిస్తున్నారా?"

"మేం రాసినామా ఏంది? వచ్చింది, పంపినాం."

కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ నీరసం వచ్చింది. కొత్త వేళలు పంపుతాను, అవి పెట్టండి అన్నాను. చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాం ఎలాంటిదో నాకు తెలుసు.

మధ్యాహ్నం బస్సుకు దిగువ అహోబిలం వెళ్లి, దర్శనం చేసుకుని, కొట్లలో మిగిలిన కార్డులు పంచాను. ఆరుకు ఆఖరి బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కిందనే కొబ్బరికాయల కొట్టు ముందు ఒక పెద్దావిడ, కోడలు తీరిగ్గా మరమరాలు తింటున్నారు. రండమ్మా, ఇదే ఆఖరు బస్సు అని కేకేశాను.

"ఏడున్నరకు ఇంకోటుండాదిలే. హారతి చూసుకోని వస్తాం" అంది పెద్దావిడ, రమణమ్మ. కోడలు సునీత ఫోను ఎత్తి చూపించింది. అదే బొమ్మ.

"అది పాతదమ్మా. ఆ బస్సు లేదు."

"ఈడ రాసుండాది గదా?"

"అది రాసింది నేనే!"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నువ్వే రాసి, నువ్వే లేదంటావేందమ్మా?" అంది రమణమ్మ. కండక్టరు విజిలు వేశాడు. వెళ్లిపోతే పోయేది. వాళ్లెవరో నేనెవరో. కానీ చీకటి పడ్డాక ఆ బొమ్మ పట్టుకుని నిలబడేది నా మాట నమ్మే కదా. నన్ను నేనే తిట్టుకుంటూ దిగిపోయాను.

ఏడున్నర అయింది. హారతి చూసి వచ్చి ముగ్గురం రోడ్డు మీద నిలబడ్డాం. బస్సు రాలేదు. చాలాసేపటికి శివయ్య ఆటో వచ్చింది.

"అక్కా, నువ్వు కూడానా!" అన్నాడు. పాపం, నిజంగానే సిగ్గుపడ్డాడు. బేరమాడకుండా ఎక్కించుకున్నాడు.

వాళ్లది నంద్యాల అవతల పగిడ్యాల. తెల్లారితే సునీత మిరపకోతకు పోవాలి, ఇంట్లో చిన్నపిల్ల కూడా ఉంది. నంద్యాల చేరేసరికి అటువైపు పోయే ఆఖరి బస్సు వెళ్లిపోతుందని ఆటోలో సునీత కళ్లనీళ్లు పెట్టుకుంది. సైటులో ఎప్పుడో మార్చానమ్మా అని నేను పదిసార్లు చెప్పాను. పదకొండోసారికి రమణమ్మకు విసుగొచ్చింది.

"సైటుకు చెప్పినావు సరే. మాకు చెప్పినావా?"

ఆళ్లగడ్డలో దిగి నంద్యాల బస్సు పట్టుకున్నాం, కానీ అక్కడికి చేరేసరికి పగిడ్యాల బస్సు వెళ్లిపోయింది.

ఆ రాత్రి ముగ్గురం నంద్యాలలో నా లాడ్జి గదిలోనే సర్దుకున్నాం. మంచం మీద రమణమ్మ, కింద మేమిద్దరం. సునీత ఇంటికి ఫోను చేసి బిడ్డ ఏడుపు వింది, తనూ ఏడ్చింది. నిద్రపోయే ముందు నా నంబరు తీసుకుంది. తెల్లవారుజామున వాళ్లను పగిడ్యాల వైపు బస్సు ఎక్కించి, నేను గుంటూరు రైలెక్కాను.

ఒళ్లంతా నొప్పులు. సంచిలో కార్డులు ఇంకా సగం ఉన్నాయి. సైటు వదిలేద్దామనే నిర్ణయానికి వచ్చేశాను. ఇంజను కోసం రాసీ, గ్రూపుల కోసం రాసీ, గోడల కోసం రాసీ చాలు. ఇక ఆ పేరు ఎవరిదైనా కానీ. అనుకున్నాక మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. టీ తాగాను.

గిద్దలూరు దాటాక సునీత ఫోను చేసింది.

"అక్కా, ఇల్లు చేరినాం. బిడ్డ బాగుండాది. మా ఈదిలోవాళ్లు అహోబిలం పోతారంట, ఆ బొమ్మ పట్టుకోనే. వద్దు, ఆ రాసినక్క నాకు తెల్సు అని చెప్పినా. పొద్దున బస్సు ఎన్నింటికి?"

"మా సైటు పేరు చెప్తాను, రాసుకుంటావా?"

"అవన్నీ ఎందుకక్కా? వాళ్లు ఈడనే నిలబడుకోనుండారు. నువ్వు చెప్పు."

నాకు ఏ బస్సూ కంఠతా రాదు. ఫోను చెవి దగ్గర నుంచి తీసి నా సైటే తెరిచాను. నేను కూర్చుని దిద్దిన వేళలు అక్కడ మాత్రమే ఉన్నాయి. ఒక్కొక్కటీ చదివి చెప్తుంటే, అటునుంచి సునీత ఒక్కొక్కటీ గట్టిగా తన వీధివాళ్లకు అప్పజెప్పింది. వెనక నుంచి ఎవరో, కోతుల సంగతి కూడా అడుగు అంటున్నారు.

ఫోను పెట్టేశాక సైటు పేరు గడువు పొడిగించాను. సిగ్నలు సరిగా లేక మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఆ అమ్మాయి మళ్లీ ఫోను చేస్తుంది. చూసి చెప్పడానికి నాకు ఒక చోటుండాలి.