అందరూ తెలిసినవాళ్లే

చెప్పుల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ కొలతక్క అంటారు. గుమ్మంలో పడిన పాదాన్ని చూసి ఏడో నంబరో ఎనిమిదో చెప్పేస్తుంది. కొలిచి చూస్తే తేడా రాదు. పాదాలతో ఉన్న పరిచయం ఆమెకు ముఖాలతో ఉండేది కాదు. కిందికి చూసే కొలువు కదా, పైకి చూసే తీరిక ఎక్కడిదని ఆమె భర్త, సిటీ బస్సు డ్రైవరు, ఎగతాళి చేసేవాడు.

నలభై ఏడో ఏట ఒక మధ్యాహ్నం బక్కపలచని పెద్దాయన ఒకరు కాన్వాసు బూట్ల కోసం వచ్చారు. కింద కూర్చుని ఆయనకు లేసులు బిగిస్తోంది. మెట్టు ఉందనుకుని లేనిచోట అడుగు వేస్తే కడుపులో జారినట్టుంటుందే, ఉన్నట్టుండి అలా జారింది. అక్కడితో ఆగక గుండెలోకీ గొంతులోకీ పొంగింది. తలెత్తి చూసింది. ఈయన తనకు తెలుసు. ఈ లేసు, ఈ వెలుతురు, ఆ ఫ్యాను కీచుమనడం, అన్నీ ఇదివరకు జరిగినవే. ఎప్పుడో తప్పిపోయిన ఆప్తుడు ఎదురైనంత సంతోషం.

"మీరేనా? మోకాలి నొప్పి తగ్గిందా?" అంది.

పెద్దాయన తెల్లబోయారు. ఆమెను చూడటం ఆయనకు అదే మొదలు. కానీ మోకాలి నొప్పి మాత్రం నిజం. ఆ వయసులో ఎవరికి ఉండదు గనక? కొంచెం నయమేనని గొణిగి, ఒక జతకు వచ్చినవారు రెండు జతలు కొని, మర్నాడు భార్యను కూడా వెంటబెట్టుకొచ్చారు.

అది మొదలు వారానికి రెండు మూడుసార్లు కడుపులో ఆ మెట్టు జారేది. ఉండేది అరనిమిషమే. ఆ అరనిమిషంలో గడప తొక్కినవాళ్లంతా ఆత్మబంధువులే. ఒక బ్యాంకు కాపలాదారును పట్టుకుని మీ అమ్మాయి పరీక్ష గట్టెక్కిందా అని అడిగింది. ఆయనకు పెళ్లే కాలేదు. అయినా పడీపడీ నవ్వి, మేనకోడలి మార్కులు చెప్పి, రెండు జతల మేజోళ్లు కొన్నాడు. తమను గుర్తుపట్టే మనిషి ఒకరున్నారని ముక్కూ మొహం తెలియనివాళ్లు వెతుక్కుంటూ రాసాగారు. ఎవరినీ మెచ్చుకోని యజమాని కూడా, ఈమధ్య నీ నోట్లో తేనెపట్టు పెట్టుకుని వస్తున్నావా అన్నాడు.

ఇంట్లోనూ అంతే. ఒకరోజు కూర తరుగుతూ తనలో తాను కిలకిల నవ్వి, డ్యూటీ దిగి వచ్చిన భర్తను చెయ్యి పట్టి లాగి, గ్యాస్ సిలిండరు చుట్టూ రెండు రౌండ్లు తిప్పింది. ఏమైందే నీకు అంటే చెప్పలేదు. చెబితే ఆ సంబరం పోతుందేమోనని దాచుకుంది.

కథ అడ్డం తిరిగింది నిచ్చెన మీద. నర్సింగ్ చదువుతున్న కూతురు డ్యూటీ బూట్లు కొనుక్కోవడానికి దుకాణానికి వచ్చింది. తల్లి అయిదో మెట్టెక్కి, డబ్బాల దొంతర చేతుల్లోకి తీసుకుని, బొమ్మలా ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏమీ లేని నోరు ఏదో నములుతోంది. డబ్బాలు ఒక్కొక్కటే జారిపడుతున్నా, ఖాళీ అయిన చేతివేళ్లు యూనిఫాం చొక్కా గుండీని తిప్పుతూనే ఉన్నాయి. కూతురు పరుగున వచ్చి నడుము పట్టుకుంది. నిమిషం తర్వాత తల్లి కిందికి చూసి, నీకు ఆరో నంబరు కదూ అని మామూలుగా అడిగింది. కింద పడిన డబ్బాల సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

నరాల డాక్టరమ్మ తలకు తీగలు అంటించి గీతలు తీయించింది, స్కాన్ చేయించింది. చెవి పక్కన కాస్త లోపలగా, టెంపోరల్ లోబ్ అనే భాగంలో చిన్న మచ్చ ఉందట. పసితనంలో జ్వరంతో వచ్చిన ఫిట్స్ గుర్తు అయివుండవచ్చట. ఆ సంబరమూ, నిచ్చెన మీద ఆగిపోవడమూ ఆ మచ్చ తెచ్చే చిన్న ఫిట్సేనట. విన్నది మాటో పాటో పోల్చుకునేదీ, మాటకు అర్థం చెప్పేదీ, ముఖాన్ని గుర్తుపట్టేదీ, జ్ఞాపకాన్ని భద్రపరిచేదీ చాలావరకు ఆ చుట్టుపక్కలేనని వివరించింది.

"అక్కడ ఒక కాపలావాడు ఉన్నాడనుకోండి. తెలిసినవాళ్లకే దండం పెట్టాలి. మీవాడు వచ్చినవాళ్లందరికీ పెట్టేస్తున్నాడు," అంది.

"పెడితే ఏం పోయింది డాక్టరుగారూ? సంతోషం కూడా జబ్బేనా?"

"సంతోషం జబ్బు కాదమ్మా. నిచ్చెన మీంచి పడితే అప్పుడు తెలుస్తుంది."

మాత్రలు మొదలయ్యాయి. సంబరం ఠక్కున ఆగింది. వచ్చేవాళ్లంతా మళ్లీ ఎవరో ఏమిటో అయిపోయారు. మూడు వారాలు ఓర్చుకుని, ఆ అరనిమిషం కోసం మనసు లాగి, చెప్పకుండా మూడు రోజులు మాత్రలు మానేసింది. నాలుగో రోజు వచ్చింది అరనిమిషం సంబరం కాదు. కళ్లు తెరిచేసరికి దుకాణం నేల మీద ఉంది. నాలుక కొరుక్కుంది. కబురు అంది పరిగెత్తుకొచ్చిన భర్త పక్కన కూర్చుని ఏదో చెబుతున్నాడు. గొంతు ఆయనదే, మాటలూ మాటల్లాగే ఉన్నాయి. ఒక్కదానికీ అర్థం తెలియలేదు. పావుగంట తర్వాత ఒక్కటి తెలిసింది, తన పేరు. ఆయన అప్పటికి ఆ పేరుతో ఎన్నిసార్లు పిలిచాడో.

ఆ తర్వాత ఒక్క పూట మాత్ర తప్పలేదు. నిచ్చెన ఎక్కే పని వేరేవాళ్లకిచ్చి, ఆమెను గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు ఎవరూ తెలిసినవాళ్లు కారు కనక అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఎక్కడుంటారు, ఎంత దూరం నడుస్తారు, బొటనవేలి దగ్గర ఆ కాయ ఎలా వచ్చింది. అడగడం మొదట్లో సిగ్గుగా ఉండేది. పోనుపోను రుచి మరిగింది. ఒక పోస్ట్‌మ్యాన్ తన మడమ కథ గంటసేపు చెబితే, ఆమె ఇల్లు చేరి భర్తకు గంటన్నర చెప్పింది.

ఏడాదిపాటు ఒక్క ఫిట్ కూడా రాకపోయేసరికి, కూతురు డాక్టరమ్మ అనుమతి తీసుకుని ఇద్దరినీ ఊరి చివరి వినోదాల పార్కుకు తీసుకెళ్లింది. అక్కడ పట్టాల మీద కొండెక్కి ఒక్కసారిగా కిందికి దూకే బండి ఉంది. కొలతక్క ముందు సీట్లో కూర్చుని నడుముకు పట్టీ బిగించుకుంది. బండి దూకింది. కడుపు జారింది. ఆమె వేసిన కేక టికెట్ కౌంటరు దాకా వినబడిందట.

ఎలా ఉందని కూతురు అడిగితే, ఆ సంబరంలో సగం ఉంది అంది. రోజుకు పది గంటలు బస్సు నడిపే మనిషి మాత్రం కళ్లు తిరిగి కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆయనకు మంచినీళ్లు తాగించి, వీపు నిమిరి, మిగతా సగం కోసం మళ్లీ వరసలో నిలబడింది.