అనసూయమ్మ తెరిచిన కళ్ళు

మా ముత్తాత తండ్రి పుల్లయ్య గారు నిజాం కాలంలో హనుమకొండ గుర్రపు దళానికి దాణా సరఫరా చేసిన గుత్తేదారు. మా ముత్తాత విశ్వనాథం గారికి వరంగల్ మట్టెవాడలో నూనె మిల్లు, పత్తి గోదాములు ఉండేవి. ఎడ్లబండి మీద పోయేవాళ్ళు మా గడప ముందు బండి దిగి, నడిచి దాటేవారని చెప్పుకునేవారు. ఇంతవరకు రాసి, తరువాతి వాక్యం తోచక, చేతిలో ఉన్న కుంచె మొనను పెదవుల మధ్య పెట్టుకున్నాను. రంగులో కలిసి ఉన్న తుమ్మజిగురు నాలుకకు తగిలింది. చప్పగా మొదలై చివర వగరుగా మిగిలే ఆ రుచితో అనసూయమ్మ గది, ఆ మధ్యాహ్నాలు, కదలకుండా కూర్చున్న నా వీపు నొప్పి, అన్నీ ఒక్కసారి వచ్చాయి.

ఆ వాక్యాలు నేను నా బ్లాగు కోసం రాసినవి. బెల్జియంలో గెంట్ అనే ఊళ్ళో బొమ్మలు వేసి బతుకుతున్నాను. పరాయి దేశంలో ఉండే చిత్రకారిణికి సొంత బ్లాగు ఒకటి ఉండాలని తెలిసినవాళ్ళంతా చెబితే మొదలుపెట్టాను. మా ఊరివాళ్ళు చదవాలని తెలుగులోనే పెట్టాను. ‘నా గురించి’ అన్న చోట నా పేరుకంటే ముందు వాళ్ళిద్దరి పేర్లు వచ్చాయి. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. ఆస్తి పోయిన ఇంట్లో పుట్టినవాళ్ళకు మిగిలేవి పేర్లే. నాకు ఇంకొకటి కూడా మిగిలిందని అప్పటికి నమ్మకం. అది ముఖం. మా హాల్లో వేలాడిన ముత్తాత పటాన్నీ, దాని పక్కన నా ఫోటోనూ పెట్టి, కింద ‘మా ఇంటి కళ్ళు’ అని రాశాను.

అనసూయమ్మ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. ఆమె భర్త ఫోటో స్టూడియో నడుపుతూనే చనిపోయాడు. తరువాత ఆమె స్టూడియో మూసేసి, వరంగల్, హనుమకొండ స్టూడియోలన్నిటికీ ఇంట్లోనే కూర్చుని ఒక పని చేసిపెట్టేది. చనిపోయినవాళ్ళ కళ్ళు తెరిచేది. చుట్టుపక్కల ఊళ్ళలో బతికున్నన్నాళ్ళు ఫోటో దిగనివాళ్ళు చాలామంది ఉండేవారు. ప్రాణం పోయిన రోజున కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, అప్పుడు ఫోటోగ్రాఫరును పిలిచేవారు. ఆ ఫోటోను పెద్దది చేయించి ఆమె దగ్గరికి తెచ్చేవారు. ఆమె సన్నని కుంచెతో ముందు కుర్చీని చెరిపేది, తరువాత ముక్కులోని దూదిని. ఆఖరున రెప్పలు పైకి లేపి కింద కళ్ళు వేసేది.

నాకు బొమ్మలు నేర్పాలని మా తాత ఆమెకు కబురు పెట్టాడు. మా ఇంటి ఆడపిల్ల పరాయి ఇంటికి వెళ్ళడం కుదరదని, ఆమెనే మా ఇంటికి రమ్మన్నాడు. ఆమె మా వాకిట్లో నిలబడి, “రమ్మంటే రాను సేటు. నా కిటికీ మీ ఇంట్ల లేదు,” అంది. తాత మొహం ఎర్రబడింది కానీ మర్నాటి నుంచి నన్ను పంపాడు.

వెళితే ఆమె నాకు కుంచె ఇవ్వలేదు. కిటికీకి ఎదురుగా పీట వేసింది.

“కూసో సేటమ్మా. కిటికీ దిక్కు చూడు. రెప్ప కొట్టకు.”

“బొమ్మ ఎప్పుడేస్తం అత్తా?”

“ముందుగాల సూసుడు నేర్సుకో. గంత తొందరెందుకు, మీ మిల్లు గిట్ల కాలుతాందా?”

మిల్లు అప్పటికే మూతపడిందని ఆమెకు తెలుసు. నేను మూతి బిగించుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ కిటికీకి నిలువు ఊచలు. అందులో ఒకటి ఎప్పుడో వంగి, పక్క ఊచ మీద వాలిపోయి ఉండేది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా దాన్ని చూసేదాన్ని. నా పక్కన ఆమె కుంచెను పెదవులతో మొన తేల్చి, నా వైపు ఒకసారి, బల్ల వైపు ఒకసారి తిరుగుతుండేది. నేను బాగా చూస్తున్నానో లేదో కనిపెడుతోందనుకున్నాను. ఎండ నడినెత్తిన ఉండి వీధంతా నిద్రపోయే ఆ వేళలో, ఉన్నట్టుండి నా వెనక గది నిండా మనుషులు నిలబడి ఉన్నట్టు అనిపించేది. తిరిగి చూస్తే గోడకు ఆనించిన పటాలు ఉండేవి, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క గుడ్డ.

ఆ గుడ్డ ఆమె పెట్టుకున్న నియమం. కళ్ళు పూర్తికాగానే పటం మీద గుడ్డ కప్పేది. ఇంటివాళ్ళు వచ్చి తీసేదాకా ఎవరూ చూడకూడదు. నేను అడిగితే, “తెరిసిన కండ్లు మొదాలు తన మనుషులనే చూడాలె. వేరేటోళ్ళను చూస్తే ఇంటికి పోదు,” అంది. ఏది పోదో చెప్పలేదు.

ఒకసారి పరకాల దిక్కు నుంచి అన్నాచెల్లెళ్ళు తల్లి పటం కోసం వచ్చారు. అనసూయమ్మ నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టింది. నా వెనక వాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

“నువ్వు తియ్యే.”

“పెద్దోనివి నువ్వుండంగ నేనెందుకు తీస్త?”

“నాతోని కాదే.”

“బతికున్నన్ని రోజులు నోటికొచ్చినట్టు తిట్టినవు గద, ఇప్పుడు భయమైతాందా?”

గుడ్డ జారిన చప్పుడు వినపడింది. తరువాత ఆ చెల్లెలు, చిన్నపిల్లలా గొంతు తగ్గించి, “అన్నా, అవ్వ మనను కాదు, గోడ దిక్కు ఉన్న పొల్లను చూస్తాంది,” అంది. అనసూయమ్మ నవ్వి, “పటం జర పక్కకు జరుపుండ్రి, మిమ్ముల్నే చూస్తది,” అని సర్దిచెప్పింది.

ఆ రోజుల్లోనే తాతతో కలిసి మట్టెవాడలోని ఒక ఇంటికి పెళ్ళి పిలుపుకు వెళ్ళాను. ఆ ఇంటి పెద్దకోడలు, జుట్టు నెరిసిన మనిషి, గోడకున్న అత్తగారి పటం కింద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి నన్ను చూసింది. చూసి, గబుక్కున లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, పక్కకు తప్పుకుంది. తొమ్మిదేళ్ళ పిల్లనైన నా ముందు, అత్తగారి ముందు నిలబడినట్టు నిలబడింది. తాత పొంగిపోయాడు. “చూసినవా, ఇంకా మనమంటే గంత మర్యాద ఉన్నది,” అన్నాడు దారిలో. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుంటూనే పెద్దదాన్నయ్యాను.

తాత తండ్రి చనిపోయేనాటికి తాత ఇంకా పాకుతున్నాడు. విశ్వనాథం గారు బతికుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీసినదొకటే ఉంది. దాన్ని మఖమల్ గుడ్డలో చుట్టి తాత తానే స్వయంగా అనసూయమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాడు. నేను అప్పుడు పీట మీదే ఉన్నాను.

“కండ్లు పెద్దయా, చిన్నయా సేటు?” అని అడిగింది ఆమె.

“నాకేమెరుక? నాకు యాదికే లేదు. సావుకారి కండ్లు. గంతే.”

“సావుకార్లకు కండ్లు వేరే ఉంటయా,” అని గొణిగి ఫోటో తీసుకుంది.

పటం ఇంటికి వచ్చిన రోజున తాత కోటు తొడుక్కుని, హాల్లో అందరినీ నిలబెట్టి గుడ్డ తీశాడు. ఊహ తెలిశాక మొదటిసారి తండ్రి ఆయనను చూశాడు. తాత ఏడుస్తాడనుకున్నాం. ఆయన ఏడవలేదు. మెల్లగా నా వైపు తిరిగి, నా గడ్డం పట్టి ఎత్తి, “మా నాయన కండ్లు నీకొచ్చినయి బిడ్డా,” అన్నాడు. ఆ రోజు నుంచి నా కుర్చీ ఆయన పక్కన పడింది. నన్ను ఎవరూ కసిరి మాట్లాడలేదు. నేను వెన్ను నిటారుగా పెట్టి నడవడం నేర్చుకున్నది అప్పుడే. ఆ మాట అంతకుముందు ఎవరూ ఎప్పుడూ అనలేదన్న సంగతి, బ్లాగు మొదలుపెట్టేదాకా నాకు తట్టలేదు.

బ్లాగులో పటం పెట్టాక వచ్చిన మొదటి వ్యాఖ్య ఇది: “మీ పుల్లయ్య గారి దాణా బండి మా ఊరికి గిట్ల వచ్చిందా ఏంది మేడం? మా నానమ్మ కండ్లు గూడ గివే.” కింద నవ్వే బొమ్మలు. నేను దాన్ని తీసేశాను. మా వంశం మీద అలాంటి మాట నేను పడను. కానీ తరువాత మరొకరు తమ ఇంటి పటం పంపారు. ఇంకొకరు పంపారు. ఒక రైతు, ఒక ముసలమ్మ, తలపాగా చుట్టిన ఒకాయన. వేరువేరు ముఖాలు, వేరువేరు ఊళ్ళు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే అందరి ముఖాల్లోంచి ఒక్కరే నన్ను చూస్తున్నట్టుంది. కంప్యూటరు తెర మీద ఆ కళ్ళను పెద్దవి చేశాను. నల్లగుడ్డులో వెలుగు పడినచోట, ఆవగింజంత తెల్లని కిటికీ ఉంది. నిలువు ఊచలు. అందులో ఒకటి పక్కదాని మీదికి వాలి ఉంది. ముత్తాత పటం తెరిచాను. ఆయన కంట్లోనూ అదే కిటికీ. ఆయన పోయేనాటికి అనసూయమ్మ ఇల్లే కట్టలేదు.

అనసూయమ్మ అప్పటికి హనుమకొండలో చెల్లెలి దగ్గర ఉంది. నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

“ఎవలు?”

“నేనత్తా. మట్టెవాడ విశ్వనాథం గారి మునిమనవరాలిని.”

“గంత పొడుగు పేరెందుకు. సేటమ్మవా?”

“మా ముత్తాతకు ఎవరి కళ్ళు పెట్టినవ్ అత్తా?”

“ఎవలయి పెడత? నీవే. నా ముంగట కూసున్నది నువ్వే గద.”

“అందరికీ నావేనా?”

“మనసుల తలుసుకొని ఏస్తే సచ్చిన కండ్లే వస్తయి బిడ్డా. బతికున్నయి ఎదురుంగ ఉండాలె.”

“చిన్నపిల్ల కళ్ళు ముసలోళ్ళకు ఎట్ల పెడతవు?”

“కండ్లకు వయసేంది. చుట్టూత తోలుకు ఉంటది వయసు.”

“నన్ను ఒక్కమాటన్నా అడగలేదు.”

“అడిగితే మీ తాత ఒప్పుకుంటుండెనా? నీయి నీకున్నయి గద. ఏం, తక్కువ అవుపిస్తాందా?” ఇదంతా రాస్తానంటే, “రాసుకుంటే రాసుకో. కని నేను పోయినంక రాయి. ఉండంగ రాస్తే వరుసవెట్టి కొట్లాటకు వస్తరు, నాకు ఓపిక లేదు,” అంది. పోయిన వానాకాలంలో ఆమె వెళ్ళిపోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పటాలు పంపినవాళ్ళలో సుబేదారి నుంచి సరోజన అనే ఆమె ఉంది. చంటిపిల్లగా ఉండగానే తల్లి పోయింది. ఆమెకు తెలిసిన తల్లి ఆ పటమే. నన్ను ఒకసారి వీడియోలో చూడాలని రాసింది. నేను ప్రదర్శనకు పెట్టిన వస్తువును కానని జవాబిచ్చాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ కాదన్నాను. మూడోసారి ఒక్క వాక్యం రాసింది: “మా అమ్మ రెప్ప వేయడం నేను చూడలేదు.” అప్పుడు ఒప్పుకున్నాను. కళ్ళు నావని చెప్పేయాలనీ, చెబితే ఆమె తల్లిని ఆమె దగ్గరి నుంచి లాక్కున్నట్టవుతుందనీ, రెండూ అనుకుంటూనే కెమెరా ముందు కూర్చున్నాను.

తెర మీద ఆమె ఉంది. ఆమె భుజం వెనక గోడ మీద తల్లి పటం ఉంది. అక్కడినుంచి నా కళ్ళు నన్నే చూస్తున్నాయి.

“అక్కా, జర పక్కకు తిరుగుతరా? కిటికీ దిక్కు చూసినట్టు. మా అమ్మ గట్లనే చూస్తది.”

తిరిగాను.

“ఇగ ఒక్కసారి రెప్ప కొట్టుండ్రి.”

రెప్ప కొట్టాను. ఆమె వెనక్కి తిరిగి పటాన్ని ఒకసారి చూసింది. “చాలక్కా,” అంది.

“సరోజనా, నీకు ఒక మాట చెప్పాలి,” అన్నాను.

“నాకెరుకే అక్కా. ఎవరియో పెట్టిన్రని మా నాయన ఎన్నడో చెప్పిండు. కని బడికి పోతాంటే, పెండ్లయితాంటే, నన్ను చూసినయి గవే గద.” కొంచెం ముందుకు వంగింది. “మిమ్ముల్ని ఒక్కటడగాలె. మేము మీకు ఎన్నడన్న కనపడుతుంటిమా?”

లేదని చెప్పబోయాను. నా బొమ్మలన్నీ గదుల బొమ్మలు. ఎవరో అన్నం తింటుంటారు, ఎవరో తలెత్తకుండా జడ అల్లుకుంటుంటారు. అన్నీ పైనుంచి చూసినట్టే వస్తాయి. నిద్ర పట్టీపట్టని వేళల్లో చిన్నప్పటి నుంచీ నాకు అలాగే కనిపించేవి. ఎందుకలా వేస్తావని ఇక్కడివాళ్ళు అడిగితే అది నా పద్ధతి అని చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఎత్తు, గోడకు పటం మేకు కొట్టే ఎత్తు.

ముత్తాత నుంచి నాకు వచ్చిందనుకున్న చూపు నేను ఆయనకిచ్చినది. ఆ చూపు నమ్ముకునే ఇన్నాళ్ళు తల ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడూ అలాగే తిరుగుతున్నాను, ఆ తల వంగదు. నా ఇంటర్ అయ్యాక హైదరాబాదులో బొమ్మల చదువు చదువుతానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. తాత లేచి పటం ముందు నిలబడి చాలాసేపు దాని కళ్ళలోకి చూశాడు. “మా నాయన పొమ్మంటాండు,” అన్నాడు. స్టేషన్ రోడ్డులో మాకు మిగిలిన ఆఖరి పత్తి గోదామును ఆ నెలలోనే, నేలతో సహా, అమ్మేశాడు.