బాపు పెట్టిన జమ్మి

గౌరవం అనే మాట ‘గురు’ నుంచి వచ్చిందని, దానికి మొదటి అర్థం బరువని క్లాసులో పిల్లలకు చెబుతాను. ఆ పాఠం ఎప్పుడూ గబగబా ముగించేస్తాను. మా పుప్పాలగూడ ఇంట్లో ఆ మాట ఎవరూ వాడేవారు కాదు. మాకు తెలిసిన గౌరవమల్లా దసరా సాయంత్రం జమ్మి. ఊరి బయట చెట్టుకు పూజయ్యాక చిన్నవాళ్ళు ఆ ఆకు తెచ్చి పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాలి. మా వాడకట్టు ఇళ్ళన్నిటికీ బాపే, అంటే మా నాన్నే, పెద్ద. గడప ముందు చెప్పుల కుప్ప చూసి అమ్మ పైకి విసుక్కునేది, లోపల మురిసిపోయేది.

హైటెక్ సిటీలో గుండ్రటి భవనం లేస్తున్న రోజుల్లో చిన్నాయన, అంటే బాపు బాబాయి కొడుకు, తన చేను అమ్మాలా వద్దా అని అడగడానికి వచ్చాడు.

"గుట్టలల్ల ఏం పండుతది తమ్మీ? అమ్మెయ్" అన్నాడు బాపు.

బాపు మాట దాటే అలవాటు చిన్నాయనకు లేదు. అమ్మేశాడు. ఏడాది తిరక్కుండానే అటువైపు పెద్ద రోడ్డు పడి, చేల ధరలు ఆకాశానికెక్కాయి. మా చేను మాత్రం మేం అమ్మలేదు. అందులో తాత సమాధి ఉంది, అంతే. ఆ సంగతి చెబితే ఎవరు నమ్ముతారు?

చిన్నాయన తిట్టినా బాగుండేది. ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. ఆ దసరాకి అందరూ వచ్చారు, ఆయన రాలేదు. బాపు చాలాసేపు అరుగు మీదే ఎదురుచూసి, ఉన్నట్టుండి కండువా వేసుకుని, గుప్పెట్లో జమ్మి పట్టుకుని బయలుదేరాడు. నేనూ వెంట వెళ్ళాను.

మమ్మల్ని చూసి చిన్నాయన వాకిట్లో లేచి నిలబడ్డాడు. అంత కోపంలోనూ లేచాడు. బాపు ఆయన చేతిలో జమ్మి పెట్టి, వంగి రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"వద్దన్నా! గిట్ల చేస్తరా?" అంటూ చిన్నాయన వెనక్కి దూకాడు.

చిన్నమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "మా ఆయుష్షు తియ్యనీకి వచ్చిర్రా బావా? చేను పాయె, ఇగ మనిషి గూడ పోవాల్నా?" అని ఏడ్చింది.

పెద్దవాళ్ళు మొక్కితే చిన్నవాళ్ళ ఆయుష్షు తగ్గుతుందని మా వాళ్ళ నమ్మకం. బాపుకు తెలియక కాదు. తప్పయిందని నోటితో అనడం ఆయనకు రాదు, అంతకంటే వేరే దారి తోచలేదు.

ఆ చలికాలంలోనే చిన్నాయన కామెర్లతో దవాఖానలో పోయాడు. జబ్బు చాలా రోజులుగా ఉందని డాక్టర్ చెప్పాడు. బాపు ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. ఆయనకు ఇంకొకరు అనక్కర్లేకపోయింది.

మరుసటి దసరాకి జనం ఎప్పటిలాగే జమ్మి తెచ్చారు. బాపు మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని, పాదాలు దుప్పటి కింద దాచుకుని కూర్చున్నాడు. ఆకు తీసుకున్నాడు. ఎవరైనా వంగబోతే, "జర దూరముండుండ్రి బిడ్డా" అన్నాడు.

బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ కాళ్ళు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నన్ను కూడా.