ఆ మూడు రోజులూ పరుగే

మా చిన్నప్పుడు... అంటే నాకు పదిహేనో ఏడు నడుస్తున్నప్పుడు... జూబ్లీ హిల్స్ ఎత్తుపల్లాల రోడ్ల మీద తెల్లారగానే నేను పరిగెత్తుతుండేదాన్ని. నా వెనకాలే ఒక తెల్ల అంబాసిడర్ మెల్లగా వచ్చేది. వెనక సీట్లో మా అమ్మ. నేను ఆగితే హారన్ మోగేది.

తొంభైల మొదటి రోజులవి. అక్కడ ఇంకా ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ... చూసేవాళ్ళు లేరు కాబట్టే అమ్మ ఆ రోడ్డు ఎంచుకుంది.

నాన్న సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్. ఫిల్మ్ నగర్‌లో అద్దె ఇల్లు, కంపెనీ ఇచ్చిన కారు. ఒకసారి శ్రీనగర్ కాలనీలో ఏదో పెళ్ళి విందుకి వెళ్తే, ఒక నిర్మాత కిళ్ళీ నములుతూ నన్ను చూసి అన్నాడు... "పిల్ల కళగా ఉందమ్మా. కాస్త ఒళ్ళు తగ్గితే హీరోయిన్‌గా చూద్దాం."

ఆయన ఆ మాట అక్కడే మర్చిపోయి ఉంటాడు. అమ్మ మాత్రం ఇంటికి తెచ్చుకుంది.

మర్నాటి నుంచి నా కంచంలో ఉడకబెట్టిన కూరముక్కలు... పల్చటి మజ్జిగ. నెయ్యి గిన్నె అలమరలోకి వెళ్ళి తాళం పడింది. పొద్దున పరుగు, సాయంత్రం డాబా మీద తాడాట. ఆకలితో నిద్ర పట్టేది కాదు... పక్కింటి పోపు వాసనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

ఇక్కడే ఒక విచిత్రం చెప్పాలి. మా నానమ్మది తెనాలి దగ్గర ఊరు, ఉండేది మాత్రం మాతోనే. బయట చేరితే మూడు రోజులు పెరటి వైపు గదిలో విడిగా ఉండాల్సిందే... చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. పెద్దమనిషినైన కొత్తలో ఆ గదిలో కూర్చుని ఎంత ఏడ్చానో. ముట్టుకుంటే మైల అనిపించుకోవడం ఏ పిల్లకి మాత్రం బాగుంటుంది?

కానీ ఈ డైటింగ్ మొదలయ్యాక ఆ గది కోసం ఎదురు చూడ్డం మొదలుపెట్టాను...

అక్కడ పరుగు లేదు. తాడు లేదు. మైల అని అమ్మ కూడా గడప దాటి వచ్చేది కాదు. నానమ్మ గుమ్మం బయట నుంచి కంచం తోసేది... పొగలు కక్కే అన్నం, వెల్లుల్లి కారం, తను దాచిపెట్టిన నెయ్యి. మధ్యాహ్నం నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ముద్ద. "తిను తల్లీ, నడుముకి బలం" అనేది. తిని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేదాన్ని.

బరువు తూచే మిషను మా గుట్టు బయటపెట్టింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి నానమ్మని నిలదీసింది.

"నెలంతా పడ్డ కష్టం ఈ మూడు రోజుల్లో పోతోంది అత్తయ్యగారూ! ఏ కాలంలో ఉన్నారండీ మీరు? ఈ అంటూ సొంటూ ఇక మా ఇంట్లో కుదరదు."

"అంటు మానేద్దువు గానీ, దాన్ని మూడు పూటలైనా పడుకోనివ్వవే. నొప్పికి మెలికలు తిరిగిపోతోంది."

"రేపు షూటింగ్‌లో నొప్పని పడుకుంటే ఊరుకుంటారా? ఇప్పట్నుంచే అలవాటు కావాలి."

ఆ సాయంత్రమే పెరటి గదిలో బియ్యం బస్తాలు వేయించింది. మా వీధిలో ఆడవాళ్ళంతా అమ్మని మెచ్చుకున్నారు... పాత ఆచారం తీసేసిందని. నేను స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఏడుపు వినపడకుండా ఏడ్చాను.

మరుసటి నెల రెండో రోజు... నడుం విరిగిపోతున్నా పరిగెత్తుతున్నాను. కాళ్ళ మధ్య తడి తెలుస్తూనే ఉంది. కారు ఆగిన చప్పుడైంది. మా డ్రైవరు మల్లయ్య మొహం పక్కకి తిప్పుకుని, "అమ్మా, జర పాపను బండ్ల కూసోబెట్టున్రి. ఇంటికి పోదాం" అన్నాడు.

అమ్మ దిగింది. నా ప్యాంటు వెనక చూసింది. తన భుజం మీది శాలువా తీసి నా నడుముకి చుట్టి, గట్టిగా ముడి వేసింది.

"ఆ మలుపు దాకా వెళ్ళి వచ్చెయ్. అంతే."

వెళ్ళాను... వచ్చాను.

కొన్ని నెలలకి నాకు నెలసరి రావడమే ఆగిపోయింది. నానమ్మ భయపడి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, "ముందు పిల్లకి అన్నం పెట్టండి" అందావిడ. అమ్మ ఫోన్‌లో పిన్నితో అంటుంటే నేను విన్నాను... "ఒకందుకు మంచిదేలే. ప్రతినెలా ఆ గొడవ తప్పింది."

చివరికి నాన్న ఎవరెవరినో బతిమాలి మేకప్ టెస్ట్ ఏర్పాటు చేయించాడు. లైట్ల కింద నిలబెట్టారు... తిప్పి తిప్పి చూశారు. నేను అక్కడుండగానే కెమెరామన్ అన్నాడు... "మొహం పీక్కుపోయింది సార్. కళ లేదు."

తిరిగి వస్తుంటే అమ్మ ఒక బేకరీ ముందు కారాపించి, క్రీమ్ బన్ను తెప్పించి నా ఒళ్ళో పడేసింది. "తిను... ఇక ఏం తింటే ఏం."

నాకు మింగుడు పడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఏది తిన్నా, ఎవరో చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూసేదాన్ని. నెలసరి మళ్ళీ సరిగ్గా రావడానికి కాలేజీ అయిపోవలసి వచ్చింది. అమ్మ దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు... నేనూ ఎత్తలేదు.

మొన్న మా అమ్మాయి జిమ్ బ్యాగు మూలకి విసిరేసి, "పీరియడ్స్ అమ్మా... ఇవాళ వెళ్ళను" అని దుప్పటి కప్పుకుంది. అంతే... ఎవరి అనుమతీ అడగలేదు. సంతోషమే. కానీ గుమ్మంలో నిలబడి దాన్ని చూస్తుంటే, కన్నకూతురి మీద కూడా అసూయ పుడుతుందని మొదటిసారి తెలిసింది...

మీకెలా గడిచాయి ఆ రోజులు? "ఒంట్లో ఎలా ఉందమ్మా" అని మిమ్మల్నెవరైనా అడిగారా? అడిగి ఉంటే వాళ్ళ గురించి రాయండి... చదువుకుంటాను.