రెండు డాబాల మధ్య రేడియో తీగ

మా చిన్నప్పుడు మా డాబా మీద రెండు తీగలుండేవి... ఒకటి బట్టలారేసే దండెం, రెండోది నాన్న రేడియో తీగ. దండెం తెగితే అమ్మ తిట్టేది. రేడియో తీగ మీద ఎవరైనా తడి తువ్వాలు వేస్తే మాత్రం నాన్న ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

కూకట్‌పల్లి హౌసింగ్ కాలనీలో ఉండేవాళ్ళం. ఆ రాగి తీగ మా పిట్టగోడ దగ్గర మొదలై, సందు మీదుగా ఎదురింటి యాదగిరి అంకుల్ వాళ్ళ నీళ్ళ ట్యాంకు పైపు దాకా వెళ్ళేది. అంత పొడుగు ఉంటేనే షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు అందుతాయట... మా డాబా ఒక్కటీ సరిపోదు.

నాన్నది తెనాలి వైపు, బ్యాంకు ఉద్యోగం. యాదగిరి అంకుల్‌ది సిద్దిపేట దగ్గర పల్లె, బస్సు డిపోలో పని. పొద్దు వాలేసరికి ఆయన మా డాబా మీదికి వచ్చేసేవారు. ముక్కాలిపీట మీద రేడియో, చెరో పక్కన ఇద్దరూ. జపాన్, జర్మనీ, టర్కీ... ఏది దొరికితే అది. సగం భాషలు ఇద్దరికీ రావు. అయినా వినేవాళ్ళు.

ఎంత స్పష్టంగా వినపడిందో ఐదుకు మార్కులు వేసి ఆ స్టేషన్‌కు కార్డు రాయడం నాన్న అలవాటు. వాళ్ళు తిరుగు టపాలో రంగు రంగుల బొమ్మ కార్డు పంపేవాళ్ళు. ఆ మార్కుల దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చేది.

"జర ఒక మార్కు ఎక్కువెయ్యండి సార్... పాపం గంత దూరంకెల్లి మాట్లాడుతుండు."

"జాలితో వెయ్యకూడదండీ. వాళ్ళు నిజమని నమ్ముతారు."

నాన్న పిసినారి. మార్కుల్లో మరీను.

అసలు మా కాలనీలో మంచి మార్కులు పడటమే కష్టం. చుట్టూ హాస్టళ్ళు, ట్యూబ్‌లైట్లు, నీళ్ళ మోటార్లు... ఎటు తిప్పినా గర్రుమని మోత. దాన్ని నాన్న 'కరెంటు గోల' అనేవాడు.

తర్వాత తెలంగాణ ఉద్యమం మా సందు దాకా వచ్చింది. బందులు, ర్యాలీలు, సమ్మె... అంకుల్ వాళ్ళ డిపో మూతపడింది. మాకు స్కూల్ లేదు. సాయంత్రాలు కరెంటు పోయేది. కరెంటు పోతే గోలా పోయేది. బ్యాటరీల మీద నడిచే మా రేడియోలో ఎక్కడో ఉన్న మనిషి దగ్గే దగ్గు కూడా వినపడేది.

కింద రోడ్డు మీద నినాదాలు... పైన వీళ్ళిద్దరూ టర్కీ పాట వింటూ ఐదుకు ఐదు వేసుకునేవాళ్ళు. రాష్ట్రం గురించి ఒక్క మాటా అనుకునేవాళ్ళు కాదు. అంకుల్ పొద్దున ర్యాలీకి వెళ్ళి, సాయంత్రం మా డాబా మీదికి వచ్చేవారు. నాన్నకూ తెలుసు. ఎవరికి వారు అది పక్కన పెట్టి కూర్చునేవాళ్ళు.

ఒక బందు రోజు ర్యాలీలో వెళ్తున్న కుర్రాళ్ళు ఇద్దరు సందులో ఆగి పైకి చూశారు. అంకుల్ తమ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"కాకా, గా తీగ ఎవలది?"

"నాదే," అన్నారు అంకుల్.

వాళ్ళు సరేనని వెళ్ళిపోయారు. అంతే. మా పిట్టగోడ వెనక నాన్న, నేను నిలబడి విన్నాం. నాన్న ముఖం మాడిపోయింది. 'నా మూలంగా ఆయన తన వాళ్ళతో అబద్ధం ఆడాల్సి వచ్చింది, ఆంధ్రావాళ్ళదని రేపు తెలిస్తే ఆయనకే మాట వస్తుంది' అని అమ్మతో అన్నాడు. మర్నాడు పొద్దున్నే మా వైపు కొస విప్పేశాడు. తీగ వెళ్ళి ఎదురు డాబా గోడకు వేలాడింది.

కాసేపటికి అంకుల్ తమ డాబా మీదికి వచ్చి చూశారు.

"ఏంది సార్... ఇప్పేసిండ్రా?"

"మీకెందుకండీ మా వల్ల ఇబ్బంది..."

"నాకేం ఇబ్బంది? నాదని చెప్పిన గద."

అంకుల్ ఆ తీగను నెమ్మదిగా తన వైపు లాక్కుని, చుట్ట చుట్టి, ట్యాంకు పైపుకు తగిలించి కిందికి దిగిపోయారు. ఆ సాయంత్రం రాలేదు. ఆ తర్వాత ఏ సాయంత్రమూ రాలేదు. గొడవ కాదు, కోపమూ కాదు... ఎదురుపడితే ఇద్దరూ నమస్కారం పెట్టుకునేవాళ్ళు. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. రాష్ట్రం వచ్చింది. మేం బాచుపల్లిలో ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళిపోయాం. రేడియో అటకెక్కింది. ఆ స్టేషన్లు కూడా చాలావరకు ఒక్కొక్కటిగా మూసేశారట... నాన్న పేపర్లో చదివి, మడిచి పక్కన పెట్టేవాడు.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో పని చేస్తున్నాను. పోయిన నెల ఫ్రెండ్‌ను దింపడానికి ఆ సందులోకి వెళ్తే యాదగిరి అంకుల్ అరుగు మీద కూర్చుని కనపడ్డారు. బాగా ముసలైపోయారు. నేనే పేరు చెప్పాల్సి వచ్చింది.

"నాయన మంచిగున్నడా బిడ్డా? రేడియో ఇంటుండా?"

"లేదంకుల్. ఇప్పుడు వినడానికి ఏమీ రావట్లేదు."

ఆయన తల ఊపి పైకి చూపించారు. ఇల్లు ఇంకో అంతస్తు లేచింది. పైన కొత్త ట్యాంకు... దాని పైపుకు అదే తీగ, చుట్ట చుట్టి.

"ఇల్లు మీదికి లేపినప్పుడు మావోడు పారేస్తనన్నడు. నేనే మల్ల కట్టిచ్చిన. ఎవలన్న అడిగితే... ఇప్పటికీ నాదే అంటున్న."

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. టీవీ చూస్తున్నవాడు సౌండు తగ్గించి నా వైపు తిరిగాడు.

"చిలుము పట్టిందా?" అన్నాడు.

"పట్టింది నాన్నా."

"గీకితే పోతుంది."

అంతే... మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. వెళ్దామా అని నేను అడగలేదు. ఆయనా అనలేదు. అటక మీద రేడియో అలాగే ఉంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో కూడా నాకు తెలియదు. మీ ఇంటి నుంచి పక్కింటి దాకా ఏం కట్టి ఉండేది? దండెమో, టీవీ వైరో, మల్లె పందిరో... దాన్ని ఎవరు ముందు విప్పారో గుర్తుంటే, కింద రాయండి.