నమూనాలో ఉన్న ‘అవును’

ఆఫీసులో ఆమెను అందరూ కామా అంటారు. ఎవరు ఏ పేజీ రాసి తెచ్చినా, “ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి” అంటూ ఒక కామా పెట్టందే వదలదు. “మందు సీసా మీద కాగితం కూడా దిద్దేట్టున్నావు, ముందు ఆ మందు మింగు” అని ఇంట్లో మొగుడు ఏడిపిస్తాడు.

ఆమె పని చేసేది వెబ్‌సైట్లకు చోటు అద్దెకిచ్చే కంపెనీలో. సైటులో ఏదైనా చేర్చాలన్నా, తీసెయ్యాలన్నా నాలుగు లైన్ల ఆజ్ఞ రాసి కంపెనీ యంత్రాలకు పంపవచ్చు. అలా పంపే దారినే ఏపీఐ అంటారు. ఆ ఆజ్ఞ ఎలా రాయాలో నమూనా చూపించి జనానికి అర్థమయ్యేలా చెప్పే పేజీలు కామావి.

ఒక మధ్యాహ్నం సపోర్టు వాళ్ళ దగ్గర నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. రాసినాయన లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. చనిపోయిన ఆయన భార్య అల్లికలు అల్లేది. ఏ ముడి ఎలా తిప్పాలో తన మాటల్లో రాసి సైటులో పెట్టుకునేది. పోయిన మనిషి మాటతీరు ఎక్కడైనా మిగిలి ఉంటే ఇంట్లోవాళ్ళు వెళ్ళి అక్కడే కూర్చుంటారు. వాళ్ళమ్మాయి రోజూ ఆ సైటు తెరిచి చదువుకునేది. ఇంట్లో దొరికిన ఆమె ఫోటోలు కూడా చేరుద్దామని ఆయన కంపెనీ పేజీలోని నమూనాను ఉన్నదున్నట్టు ఎత్తి పంపాడు. కొత్త ఫోటోలు ఎక్కాయి. ఆమె రాసుకున్న పాతవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇంకో ప్రతి ఎక్కడా లేదు.

“పేజీలో హెచ్చరిక ఉంది, మీరే చదవలేదు” అని సపోర్టు వాళ్ళు చేతులు దులుపుకున్నారు. దానికి ఆయన జవాబు: “మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. తప్పు నాదేనా, కాదా? అది చెప్పండి చాలు.”

కామా ఆ పేజీ తెరిచింది. తను రాసిందే. నమూనాలో ‘పాతవి చెరిపెయ్యాలా’ అన్నచోట ‘అవును’ అని ఉంది. ఎందుకుందో ఆమెకు తెలుసు. పేజీల్లోని నమూనాలు పనిచేస్తున్నాయో లేదో కంపెనీ యంత్రం రోజూ నడిపి చూస్తుంది. ‘వద్దు’ అని పెడితే నిన్నటి ఫైళ్ళు అడ్డొచ్చి పరీక్ష తప్పుతుంది. తప్పినప్పుడల్లా అందరి చేతా చీవాట్లు. ఆ గోల పడలేక ‘అవును’ పెట్టింది. హెచ్చరిక రాసిన మాట నిజమే. నమూనాకు కింద రాసింది, చేతులు కాలాక ఆకులు అందించినట్టు.

పేజీ దిద్దడం ఎంతసేపు! ‘వద్దు’ అని మార్చి, హెచ్చరికను పైకెక్కించి, పరీక్షకు వేరే నమూనా పెట్టమని ఆ యంత్రం చూసేవాళ్ళకు చెప్పింది. ఆపైన మేనేజరు గదిలోకి వెళ్ళింది.

“ఆయనకు ఫోన్ చేస్తాను సార్.”

“చేసి?”

“తప్పు మన పేజీదని చెప్తాను.”

“అమ్మా కామా, నీకు పుణ్యముంటుంది. ఆ మాటంటే లాయర్లు నా తోలు తీసి ఆరేస్తారు. చింతిస్తున్నామని రాసి ఊరుకో.”

“చింతిస్తున్నారా అని ఆయన అడగలేదు కదండీ.”

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. “నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. వెళ్ళు.”

మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేసింది. “నేనండీ, ఆ పేజీ రాసినదాన్ని.”

“నమూనా పంపాకే కింది హెచ్చరిక చదివాను తల్లీ. నాకు బుద్ధుండాలి.”

“అందరూ అలాగే చదువుతారు బాబాయ్ గారూ. అది తెలిసి కూడా నేనలా రాశాను. తప్పు నాది.”

“పోయినవి ఇక రావు కదూ?”

“రావండీ.”

“సరే. ఇదే మాట మా అమ్మాయికి చెప్పమ్మా. నేను చెప్తే సాకులంటుంది.”

అమ్మాయి ఫోన్ అందుకుంది. కామా ఏదీ దాచకుండా మొదటి నుంచీ చెప్పింది.

“మీరు తిట్లు తప్పించుకోవడానికి మా అమ్మ రాసుకున్నవన్నీ తుడిచేశారన్నమాట!”

“నా వల్లే పోయాయమ్మా.”

ఆ పిల్ల తిట్టింది. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. కామా గోడకానుకుని విన్నది. కాసేపటికి అటు గొంతు వేరే వైపు తిరిగింది.

“నాన్నా, నువ్వెక్కించిన ఫోటోలేవి? ఇలా తే, చూస్తాను.”

కుర్చీ జరిపిన చప్పుడైంది. ఫోన్ పెట్టెయ్యడం వాళ్ళు మరిచిపోయారు. కామాయే పెట్టేసింది.